ముప్పై రెండేళ్ల 'మీరు'

మా పిన్ని గురించి నన్ను అడగని మనిషి బరంపురంలో లేడు. అడిగేవి కూడా ఎప్పుడూ ఆ నాలుగే. ఆవిడ జుట్టు అసలుదేనా? సాంబారు తింటుందా? మీతో ఏ భాషలో మాట్లాడుతుంది? మళ్లీ వాళ్ల దేశం ఎప్పుడెళ్లిపోతుంది? జుట్టు అసలుదే. సాంబారు తినడమే కాదు, అడిగినవాళ్ల కన్నా బాగా పెడుతుంది. మాట్లాడేది తెలుగులోనే, అది కూడా మా ఇంట్లో అందరికన్నా మర్యాదగా. అసలు చిక్కంతా ఆ మర్యాదతోనే వచ్చింది. దాని మీద నాకున్న విసుగు ఇంకా తీరలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

సంగతేమిటంటే, మా పిన్ని ఇయాబో, మా మామ్మ దుర్గాంబ గేట్ బజార్ వెనక సందులో ఒకే అద్దింట్లో ముప్పై రెండేళ్లు ఉన్నారు. ఒకరు కలిపిన కాఫీ ఒకరు తాగారు. ఒకరికి జ్వరం వస్తే ఒకరు మంచం పక్కన కూర్చున్నారు. అయినా ఒక్క విషయం మాత్రం తేలలేదు. ఇయాబో ఈ ఇంటికి కోడలా, చుట్టమా? ఆమెకి కావలసిందల్లా ఈ ఒక్క ప్రశ్నకి జవాబు. ఆ జవాబు చెప్పాల్సింది మామ్మ. మామ్మ చెప్పదు. ఈవిడ అడగదు. మధ్యలో నేను.

ఇయాబో నైజీరియాలో అబెయోకుట అనే ఊళ్లో 1958లో పుట్టింది. వాళ్లది యొరుబా భాష. ఇయాబో అంటే 'అమ్మ తిరిగొచ్చింది' అని అర్థం. వాళ్ల అమ్మమ్మ పోయిన ఏడాదే పుట్టింది కనక ఆ పేరు పెట్టారు. పోయిన ముసలమ్మ పేరు పుట్టిన పిల్లకి తగిలించడం మనకి మాత్రం తెలీదా? అయినా ఈ ముక్క మా వీధికి ఎక్కడానికి పదేళ్లు పట్టింది. అంతవరకూ 'ఇయ్యబోవమ్మ' అన్నారు. "ఏటి ఇయ్యబోతాదమ్మా, ఇచ్చీమను బేగి" అని ఎదురింటి పైడన్న ఒక జోకు వేసేవాడు. ముప్పై రెండేళ్లూ అదే జోకు వేశాడు. ఆ మనిషికి విసుగనేదే రాదు.

ఇయాబో వాళ్లమ్మ బట్టలకి నీలిరంగు అద్దేది. మోచేతుల దాకా నీలంగా ఉండేదట ఆవిడ. వాళ్లది పెద్ద లోగిలి, నిండా మగడి తరఫు వాళ్లే. తెల్లారి లేచి ఆ తల్లి చేసే మొదటి పని, అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెట్టడం. అత్తకి, మామకి, బావగార్లకి, చివరికి ముక్కు తుడుచుకోవడం కూడా రాని అయిదేళ్ల ఆడపడుచుకి. చిన్న ఇయాబోకి ఒళ్లు మండిపోయేది. "దానికెందుకమ్మా దణ్ణం?" అని అడిగితే, "నేను ఈ ఇంటికి వచ్చేసరికే అది ఇక్కడ ఉంది. నాకన్నా ముందొచ్చింది కనక నాకన్నా పెద్దది. పేరు పెట్టి పిలవకూడదు, నువ్వు అనకూడదు" అని చెప్పిందట. వాళ్ల భాషలోనూ నువ్వు, మీరు మనకిలాగే వేరువేరు.

ఇంకొక రోజు రంగు కుండ పగిలింది. అత్తగారు వీధంతా వినిపించేలా తిట్టిపోసింది. ఆ రోజంతా ఇయాబో తల్లి పాటలు పాడుకుంటూ పని చేసిందట. తిట్లు తిని పాటలేమిటి అని కూతురు అడిగింది. "చుట్టాన్ని ఎవరైనా తిడతారా?" అందట తల్లి. ఆ మాట ఇయాబో బుర్రలో మేకులా దిగిపోయింది. పెద్దయ్యాక తను కూడా అటువంటి తిట్ల కోసం ముప్పై ఏళ్లు కాసుక్కూర్చోవాలని అప్పుడు తెలీదు పాపం.

చదువుకుంది. సైన్సు టీచరైంది. ఆమె పనిచేసే బడికే 1980లో మా బాబాయి వేంకటరమణమూర్తి లెక్కల మాస్టరుగా వెళ్లాడు. ఆ రోజుల్లో మనవాళ్లు అక్కడి బళ్లకి బాగానే వెళ్లేవారు. నాలుగేళ్లకి ఇద్దరూ అక్కడే పెళ్లి చేసుకున్నారు. ఇంకో రెండేళ్లకి అక్కడ ఉద్యోగాలు తగ్గిపోయి, బాబాయి పెళ్లాన్ని తీసుకుని బరంపురం వచ్చేశాడు. వచ్చేముందు మామ్మకి ఉత్తరం రాశాడు. 'చాలా మర్యాదగల కుటుంబం అమ్మా. మనం కూడా ఆ మర్యాద తగ్గకుండా చూసుకోవాలి' అని. ఆ ఒక్క వాక్యం రాయకుండా ఉంటే ఎంత బాగుండేదో!

1986 జూన్‌లో అందరం స్టేషనుకి వెళ్లాం. నాకు ఆరేళ్లు. రైలు దిగిన కొత్త పిన్ని, కట్టుకోవడం చేతకాని చీరతో, ప్లాట్‌ఫారం మీద రెండు మోకాళ్లూ ఆన్చి మామ్మ ముందు కూర్చుంది.

"ఓలమ్మో, కళ్లు తిరిగిపోనాయి కావాల, సోడా అట్టుకురండర్రా!" అని మామ్మ కేకేసింది.

సోడా వచ్చింది. పిన్ని అది తాగింది. ఈ ఊళ్లో కొత్త కోడలికి సోడా ఇస్తారు కాబోలు అనుకుందట. తాగి, ఆ మోకాళ్ల మీదే నా వైపు తిరిగి నాకూ తల వంచింది. ముందు రోజే ఎక్కాలు రాలేదని మా మాస్టారు నన్ను క్లాసులో మోకాళ్ల మీద నిలబెట్టారు. ఈవిడకీ ఎవరో శిక్ష వేశారనుకుని నేను ఏడుపు లంకించుకున్నాను.

"లెగండి, లెగండి. మీరు అలగ కూకోకండి" అంది మామ్మ.

అప్పటికి పిన్నికి తెలుగులో పాతిక మాటలు వచ్చు. 'అండి' ఎవరికి పెడతారో, ఎవరికి పెట్టరో బాబాయి రైల్లో నేర్పాడు. కోడలికి పెట్టరని కూడా చెప్పాడు. చెప్పినవాడు అక్కడే నిలబడి, "అమ్మా, నువ్వు అను చాలు" అని ఒక్క ముక్క అనొచ్చు కదా! పెట్టెలు లెక్కపెట్టుకుంటున్నాడు.

అలా మొదలైంది. మామ్మ పిన్నిని మీరు అంటుంది. పక్కనే మా అమ్మని, అంటే పెద్దకోడల్ని, "ఒలే, పప్పు మాడిపోతున్నాది, ముక్కు దిబ్బడేసిందేటి?" అంటుంది. వంటింట్లో పిన్ని చెంచా ముట్టుకుంటే "మీకెందుకండీ శ్రమ" అంటుంది. పదిమంది భోజనాలకొస్తే పిన్నిని వాళ్లతో కూర్చోబెట్టి మొదటి విస్తరి ఆమెకే వేస్తుంది. వడ్డన మాత్రం మా అమ్మది. వడ్డించి వడ్డించి నడుం పట్టేసిన అమ్మ, "ఆవిడ పని బాగున్నాది, మహరాణీ" అని నా దగ్గర గొణిగేది. విస్తరి ముందు కూర్చున్న పిన్నేమో అమ్మ చేతిలోని గరిట వైపు ఆశగా చూసేది. ఒకళ్ల అవస్థ ఇంకొకళ్లకి అదృష్టంగా కనిపించేది. రెండూ చూడలేక నాకు అన్నం సయించేది కాదు.

పిన్ని వరస ఇంకో రకం. ఇంట్లో ఎవర్నీ పేరు పెట్టి పిలవదు. తనే పేర్లు పెట్టుకుంది. ఎప్పుడూ గొడుగుతో తిరిగే మా నాన్న 'గొడుగు బావగారు'. చంకలో పలకతో తిరిగే నేను 'పలకమ్మగారు'. "పలకమ్మగారూ, మీరు పాలు తాగారా అండీ?" అని అడిగేది. ఆరేళ్ల పిల్లని! వీధిలో పిల్లలంతా పలకమ్మగారూ పలకమ్మగారూ అని వెంటపడేవాళ్లు. పిన్నికి వ్యాకరణం రాదు పాపం అని ఇంట్లో అందరూ తేల్చేశారు.

ఆ తేల్చినది ఎంత తప్పో నాకు రెండు సంగతుల వల్ల తెలిసింది. మొదటిది, నా తమ్ముడు విశ్వనాథ్. పిన్ని వచ్చిన మరుసటి ఏడాది పుట్టాడు. వాణ్ణి మొదటి రోజు నుంచీ పేరు పెట్టి పిలిచింది. "ఒరే విశ్వం, ఇలా రా, నీ చెవులు చూడు, ఎంత మట్టో!" అని చెవి పట్టుకుని లాక్కెళ్లేది. రెండోది, బడి. పిన్ని ఊళ్లో ఒక ప్రైవేటు బళ్లో సైన్సు టీచరుగా చేరింది. నా స్నేహితురాలు సుశ్మిత అందులో చదివేది. "మీ పిన్ని మమ్మల్ని చక్కగా నువ్వు అంటుందే, కోపమొస్తే ఒసే అని కూడా అంటుంది" అని చెప్పింది. అంటే వ్యాకరణం వచ్చు! పిల్లలందరినీ నువ్వు అంటుంది. తమ్ముణ్ణి కొడుకులా చూస్తుంది. నన్నొక్కదాన్నే వీధిలో మనిషిలా మీరు అంటుంది. నా మీద ప్రేమ లేదు, అంతే. పదేళ్ల వయసులో ఇలా నిర్ణయించేసుకుని, ఆమె జడ వేస్తానంటే తల ఇవ్వడం మానేశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది.

బాబాయీ, పిల్లలం మేమూ కాక, పిన్నిని నువ్వు అన్న మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే. పురుషోత్తంపూర్ వైపు నుంచి కూరలు తెచ్చి గేట్ బజార్‌లో అమ్మే కాసమ్మ. అసలు మా ఊళ్లో ఈ మర్యాదల బాధ రెండు భాషల్లో పడాలి. ఒడియాలో అయితే తు, తుమే, ఆపణ అని మూడు మెట్లు. కాసమ్మకి రెండు భాషల్లోనూ కింది మెట్టే తెలుసు. "తు కణ నెబు?" అని, అంటే నువ్వేం తీసుకుంటావని, ఒకసారి, "ఒలే బొట్టీ, వంకాయలు అట్టుకెల్తావేటి?" అని ఒకసారి. కలెక్టరు భార్య వచ్చినా అంతే. పిన్ని ఇంట్లో ఉన్న వంకాయలు కుళ్లిపోతున్నా మళ్లీ వంకాయలకి వెళ్లేది. ఆ పిచ్చి బేరం ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు.

ఏళ్లు గడిచాయి. పిన్నికి పిల్లలు పుట్టలేదు. అందుకు కూడా మామ్మ ఆమెని ఒక్క మాట అనలేదు. వేరే కోడలైతే ఈపాటికి ఎన్ని మాటలు పడేదో అని వీధి వీధంతా మామ్మని మెచ్చుకుంది. ఆ మెప్పు కూడా పిన్నికి గుచ్చుకునేది. ఒకసారి మామ్మ జ్వరంతో పడుకున్న నాలుగు రోజులూ వంటిల్లు పిన్ని చేతికొచ్చింది. వాళ్ల ఊళ్లో చేసే వంటకమని బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, నూనెలో వేసింది. మామ్మ ఒకటి కొరికి చూసి, "ఇవి మన బొబ్బరొడలే కదండీ. బాగున్నాయండి. మీకెందుకండీ శ్రమ" అంది. వడలో ఉప్పు ఎక్కువైందని నాకు తెలుసు, మామ్మకీ తెలుసు. పిన్ని కావాలనే ఎక్కువేసిందని మాత్రం చాలా ఏళ్లకి గాని నాకు తెలియలేదు.

2003లో పిన్ని తమ్ముడు తుందే విశాఖపట్నంలో వైద్యానికని వచ్చి, మా ఇంట్లో వారం ఉన్నాడు. నాకు అప్పుడు ఇరవై మూడు. ఒక మధ్యాహ్నం పిన్ని నాకు మంచినీళ్లిస్తూ "తీసుకోండి పలకమ్మగారూ" అంది. అదేమిటో అక్కని అడిగి తెలుసుకుని తుందే పగలబడి నవ్వి, "ఇన్నేళ్లయినా మా అక్క పద్ధతి తప్పలేదే!" అని ఇంగ్లీషులో అన్నాడు. ఏం పద్ధతి అని అడిగాను. అప్పుడు చెప్పాడతను. ఆమె పెళ్లినాటికే పుట్టి ఉన్నాను కనక నేను ఆమెకన్నా పెద్దదాన్నట. నన్ను పేరు పెట్టి పిలవకూడదట, నువ్వు అనకూడదట. తమ్ముడు తర్వాత పుట్టాడు కనక వాడు చిన్నవాడట. "కోడలిననుకుంటోంది కనకే నిన్ను మీరు అంటోంది. చుట్టాన్ననుకుంటే ఈ బాధ ఎందుకు? మీ మామ్మ కూడా తనని నువ్వు అనాలని ఎన్నేళ్లుగానో చూస్తోంది" అన్నాడు.

పదమూడేళ్లు! పదమూడేళ్లు ఆమెకి నా మీద ప్రేమ లేదనుకున్నాను. ఆ గ్లాసు అక్కడే పెట్టి మామ్మ దగ్గరికి పరిగెత్తాను. "ఏటి మామ్మా ఇది? ఆవిడ నువ్వు అనాలని చూస్తున్నాదట, నువ్వేమో మీరు మీరంటూ దూరం పెట్టేసావట!" అని అరిచాను.

మామ్మ చదువుతున్న పేపరు మడిచింది. "నానెక్కడ దూరం పెట్టేనే? ఆవిడే గదా పెట్టింది. ఆరేళ్ల గుంటని అట్టుకుని మీరు అంటే నానేటనుకుంటాను? చదువుకున్న మనిషి, మన చనువు గిట్టదు కావాల, అనుకున్నాను. మీ బాబాయి కూడా మర్యాద మర్యాద అని రాసీసేడు."

"అయితే ఇప్పుడు అనీ!"

"ఎలగంటానే? ఇన్నేళ్లు మీరని, ఇప్పుడు నువ్వంటే తిట్టినట్టుండదేటి?"

అక్కణ్ణుంచి బాబాయి మీదికి వెళ్లాను. "ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు కదమ్మా. మధ్యలో నేను వేలు పెట్టడమెందుకు?" అన్నాడా మహానుభావుడు. రెండు భాషలు తెలిసి, రెండు పద్ధతులూ తెలిసి, ఇద్దరి మధ్యా హాయిగా కూర్చుని లెక్కలు దిద్దుకున్నాడు. ఇక పిన్ని దగ్గరికి వెళ్లి, నువ్వే అడగొచ్చు కదా అంటే, "అడగొచ్చండి. కానీ కోడలు అడిగి చెప్పించుకోకూడదండి. అత్తగారే అనాలి" అంది. దండం పెట్టాలనిపించింది ముగ్గురికీ.

ఆ తర్వాత వచ్చింది అసలైన నరకం. మామ్మకి నువ్వు అనడానికి నోరు రాదు, మీరు అనడానికి మనసొప్పదు. అందుకని రెండూ మానేసింది. "కాఫీ తాగడం అయిందా?" అనేది. "బడికి ఎల్లడం ఎన్నింటికో?" అనేది. తెలుగులో మనిషిని పిలవకుండా మాట్లాడటానికి ఇన్ని దారులున్నాయని నాకు మా మామ్మ వల్లే తెలిసింది. ఇలా తొమ్మిదేళ్లు గడిపారు. 2012లో బాబాయి గుండెపోటుతో పోయాడు. ఆ రోజు మామ్మ, పిన్ని ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. ఏడుస్తూ కూడా మామ్మ, "ఏటైపోయిందండీ మన బతుకు" అంది. అక్కడ కూడా 'అండీ'.

మా నాన్న అప్పటికే గోపాల్‌పూర్ రోడ్డులో ఇల్లు కట్టుకున్నాడు. మామ్మని రమ్మంటే రానంది. ఈ అద్దింట్లో పిన్నితోనే ఉండిపోయింది. ఎందుకంటే సామాన్లు సర్దే ఓపిక లేదంది. ఉన్నవి రెండు ట్రంకు పెట్టెలు! మందులు వేళకివ్వడం, కళ్లలో చుక్కలు వెయ్యడం, పేపరు చదివి వినిపించడం అన్నీ పిన్నే. బడి నుంచి వచ్చి ఒడియా పేపరు కూడా చదివి, తెలుగులో చెప్పేది.

2018 మేలో పిన్నికి అరవై నిండి రిటైరైంది. బళ్లో సభ పెట్టారు. నేను భువనేశ్వర్ నుంచి సెలవు పెట్టి వచ్చాను. మామ్మ ఎనభై అయిదేళ్ల వయసులో ఆటో ఎక్కి వచ్చి ముందు వరసలో కూర్చుంది. పిన్ని దగ్గర చదివిన పిల్లలు కొందరు డాక్టర్లయి, కొందరు వాళ్ల పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. హెడ్మాస్టరు శివరామ్ గారు శాలువా కప్పి, మైకు పట్టుకుని, "ఎక్కడో దూరదేశం నుంచి వచ్చి, ముప్పై రెండేళ్లు మన మధ్య అతిథిగా ఉండి, ఇప్పుడు తిరిగి స్వదేశానికి వెళ్తున్న మేడమ్ గారికి" అన్నారు. వెళ్తున్నానని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆయనే పంపించేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. పిన్ని శాలువా అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

ఇంటికొచ్చాక మెట్ల మీద నా పక్కన కూలబడింది. "పలకమ్మగారూ, తుందే మా ఊళ్లో నాకో గది కట్టించాడండి. వెళ్లిపోతానండి. ఈ ఇంట్లో నేను కోడలినా, చుట్టాన్నా? చుట్టాన్నైతే ముప్పై రెండేళ్లు చాలా ఎక్కువండి. ఏ చుట్టమూ అన్నాళ్లు ఉండకూడదు" అంది. గొంతు మామూలుగానే ఉంది. కళ్లు మాత్రం అలా లేవు.

ఇంట్లో అందరికీ చెప్పింది. ఎవరైనా వద్దనాలి కదా? "మీ ఇష్టమండి" అన్నాడు నాన్న. "మీకెలా బాగుంటే అలాగేనండి" అంది అమ్మ. తమ్ముడు ఫోనులో, "పిన్నీ, నీ ఇష్టం" అన్నాడు. మామ్మ కళ్లలో చుక్కలు వేయించుకుంటూ పైకప్పు చూస్తూ ఉండిపోయింది. నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. ఉండమని చెప్పడానికి ఒక్కళ్లకీ నోరు రాని ఈ మర్యాదని తీసుకెళ్లి ఏ గంగలో కలపను?

పది రోజుల్లో టికెట్టు వచ్చింది. వెళ్లడానికే, తిరిగి రావడానికి కాదు. ప్రయాణం రోజు పొద్దున్న అమ్మ గేట్ బజార్ వెళ్లి బరంపురం పట్టుచీర తెచ్చింది. పళ్లెంలో చీర, అరటిపళ్లు పెట్టి మామ్మ ముందుంచింది. "అత్తయ్యగారూ, మీ చేత్తో ఇయ్యండి. ఇన్నాళ్లున్న మనిషిని ఒట్టి చేతుల్తో పంపకూడదు కదా, చీర పెట్టి పంపుదాం" అంది.

మామ్మ పళ్లెం వైపు చూసింది. గుమ్మం పక్కన తాడు కట్టి ఉంచిన పెట్టె వైపు చూసింది.

"ఎవుల్ని పంపుతావే చీర పెట్టి?" అంది అమ్మతో. "చుట్టానికి పెడతారు, పుట్టింటికొచ్చిన ఆడపిల్లకి పెడతారు. కోడల్ని చీర పెట్టి పంపీడం ఏ ఇంట్లో సూసేవే నువ్వు? తియ్యి అవతలకి!"

పళ్లెం తోసేసింది. అరటిపళ్లు మంచం కిందికి దొర్లాయి. అమ్మ బిత్తరపోయింది. మామ్మ పిన్ని వైపు తిరిగింది.

"ఎవుల్ని అడిగి కొన్నావే టికట్టు?"

పిన్ని మామ్మ మంచం దగ్గరికి వచ్చింది. "ఏమన్నారండి అత్తయ్యగారూ?" అంది. వినపడక కాదు.

"సెవుడేటి నీకు? ఎవుల్ని అడిగి కొన్నావు అన్నాను. మగడు పోతే అత్తని ఒగ్గీసి ఎల్లిపోతావేటి? సిగ్గు నేదేటి? నా మందులు ఎవులు సూస్తారనుకున్నావు? తమ్ముణ్ణి సూడాలనుంటే ఎల్లు, నెల్లాళ్లుండి ఒచ్చీ. ఒక్క రోజు ఎక్కువున్నావంటే ఊరుకోను."

పిన్ని మంచం పట్టె పట్టుకుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "ఏడుపెందుకే? రైలుకి టైమైపోతున్నాది, ఎల్లు" అని ఇంకో తిట్టు తిట్టింది మామ్మ.

వెళ్లింది. ఇరవై తొమ్మిదో రోజున తిరిగొచ్చింది.

అక్కడితో అయిపోయి ఉంటే నాకింత విసుగు ఉండేది కాదు. ముప్పై రెండేళ్ల బాకీ తిట్లన్నీ మామ్మ ఇప్పుడు తీర్చేస్తోంది. కాఫీ చల్లారిందని, చుక్కలు చెవిలోకి కారాయని, పేపరు గబగబా చదివేసిందని. ఆ తిట్లన్నీ పిన్ని నాకు ఫోనులో అప్పజెబుతుంది, రోజూ గంటసేపు, సరిగ్గా నా భోజనం వేళకి. "ఈ రోజు నన్ను ఏమన్నారో విన్నారా అండీ? వంటొచ్చిన మొహమేనా అన్నారండి!" అంటుంది. గొంతులో ఏడుపు పెడుతుంది గాని, సంతోషం దాగదు.

మొన్న నాకు ఆఫీసులో పని ఎక్కువై, ఓపిక నశించింది. "పోనీ పిన్నీ, నేను మామ్మకి గట్టిగా చెప్తాను, నిన్ను అలా అనొద్దని" అన్నాను.

అంతే, పిన్ని నా మీద పడింది.

"ఏమిటి చెప్పేది? మా అత్తాకోడళ్ల మధ్య నువ్వెందుకు దూరతావే? నోరు మూసుకుని నీ పని నువ్వు చూసుకో, మధులతా. పెట్టెయ్ ఫోను!"

పెట్టేసింది. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినదాన్ని, అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఆఫీసు మెట్ల మీద కూర్చుని భోరున ఏడ్చాను.